బావగారి పచ్చగోడ

మిన్నెసోటాలో ఇల్లు కొన్న తెలుగువాడికి మొదటి వేసవిలోనే ఒక బెంగ పట్టుకుంటుంది. పెరటికి గోడ ఉండదు. మినియాపొలిస్‌కి ఉత్తరాన ఉన్న శివారులో మా బావగారి పెరటి పచ్చిక పక్కింటి వాళ్ళ పచ్చికలో కలిసిపోయి, వాళ్ళ వంటింటి కిటికీ దాకా వెళ్ళి ఆగుతుంది. బావగారికేమో లుంగీ కట్టుకుని, కాఫీ గ్లాసుతో పెరట్లో నిలబడితే గానీ తెల్లవారినట్టు ఉండదు. కంచె వేద్దామంటే కాలనీ సంఘం ఒప్పుకోదు. చెట్లకైతే అభ్యంతరం లేదట. ఇంకేం, ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్లతో గోడ కట్టేయాలని తీర్మానించారు.

అక్టోబర్ మొదట్లో నర్సరీలో తగ్గింపు ధరలు పెట్టారని నన్ను వెంటబెట్టుకెళ్ళారు. సలహాకి కాదు, మోయడానికి. అక్కడి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న: "మీ వైపు జింకలు తిరుగుతాయా?"

"ఎప్పుడూ చూడలేదండీ" అన్నారు బావగారు. నిజమే. అవి వచ్చేది చీకటితో, ఈయన లేచేది ఎనిమిదింటికి.

పెద్దాయన బ్లాక్ హిల్స్ స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు చూపించాడు. చలిని బాగా తట్టుకుంటుంది, ఆకు గుచ్చుకుంటుంది కాబట్టి జింకలు పెద్దగా ముట్టవు. కానీ నిదానంగా పెరుగుతుంది, పెరిగాక బోలెడు చోటు ఆక్రమిస్తుంది. బావగారి చూపు అప్పటికే పక్క వరసలో మనిషెత్తున, సన్నగా, నిటారుగా నిలబడ్డ ఎమరాల్డ్ గ్రీన్ ఆర్బర్‌విటే (తూజా జాతి) చెట్ల మీద ఉంది. జోన్ 4కి పనికొస్తాయని ట్యాగ్ మీద రాసి ఉంది. అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి మైనస్ 20 నుంచి మైనస్ 30 ఫారెన్‌హీట్ దాకా దిగిపోయే చోట కూడా బతుకుతాయన్నమాట. "చలికి చావవు, ఇంకేం కావాలి?" అన్నారు. ఆ ట్యాగ్ మీద జింకల సంతకం లేదన్న సంగతి నేను మనసులోనే అనుకున్నాను. బావగారి ముందు బయటికి అనే ఆచారం మా ఇంట్లో లేదు.

తెల్లతోక జింకలకి చలికాలంలో ఆర్బర్‌విటే అంటే పంచభక్ష్య పరమాన్నం. అడవిలో మంచు పేరుకున్నాక వాటికోసం వెతుక్కుంటూ తిరుగుతాయి. ఇక్కడ వెతికే శ్రమ కూడా లేకుండా పంక్తి వేసి వడ్డించాం.

మంచు మొదలైన కొద్దిరోజులకే అక్క ఫోన్ చేసింది. "ఒరే, రాత్రి ఎవరో వచ్చి చెట్లకి క్షవరం చేసి పోయార్రా."

జింకలు రాకుండా కుళ్ళిన గుడ్డుతో చేసిన మందు అమ్ముతారు. బావగారు ఒక సీసా తెచ్చారు. శీతాకాలం గడపడానికి వచ్చిన అత్తయ్యగారు దాని మూత తీసిన వాసనకే హాల్లోంచి లేచి వచ్చారు. "ఆ సీసా గడప దాటిందా, నేను టికెట్ మార్చుకుంటాను" అన్నారు. సీసా గరాజ్‌లోకి పోయింది. అక్కడ గడ్డకట్టింది.

అప్పుడు బావగారికి గుంటూరు గుర్తొచ్చింది. జింకల మందుల్లో మిరప ఘాటు కూడా వాడతారని ఎక్కడో చదివారు. ఎండ కాసిన ఒక మధ్యాహ్నం డబ్బాడు కారం నీళ్ళలో కలిపి స్ప్రేయర్‌లో పోశారు. రెండు చెట్లయ్యేసరికి నలక అడ్డుపడి నాజిల్ మూసుకుపోయింది. ఏమైందా అని మొహం దగ్గర పెట్టుకుని చూస్తూ మీట నొక్కారు. తెరుచుకుంది. అత్తయ్యగారు పాలగిన్నెతో పరుగెత్తుకొచ్చారు, పక్కింటాయన అంబులెన్స్ పిలవాలా అని అడిగాడు. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు. ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టి ఈ సంగతి తెలియకపోవడం ఏమిటో! తర్వాత పడ్డ మంచుకి కారం జారిపోయింది. జింకలు ఆ రాత్రే వచ్చాయి.

చివరికి గోనెగుడ్డ చుట్టాలన్నారు. దుకాణంలో అయిపోవడంతో అక్క దాచుకున్న బాస్మతి సంచులు విప్పి, కుట్టి, చుట్టారు. బియ్యం కంపెనీల బొమ్మలతో పెరడంతా రేషన్ షాపు గోడౌన్‌లా తయారైంది. కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సంచులు విప్పేశారు.

మార్చిలో ఇంకో వింత. జింకలకి అందని పై కొమ్మలు కూడా నైరుతి వైపు ఎర్రగా మాడిపోయాయి. ఎండకీ గాలికీ ఆకులోని నీరు ఎగిరిపోతుంటే, నేల గడ్డకట్టి ఉండటంతో వేళ్ళకి కొత్త నీరు అందదు. అందుకే నేల గడ్డకట్టేదాకా నీళ్ళు పోస్తూ ఉండాలంటారు. బావగారు పైపులు పగులుతాయని పెరటి కుళాయి అక్టోబర్‌లోనే కట్టేశారు. మాడిన కొమ్మల్ని వెంటనే నరకొద్దు, మొగ్గ బతికుంటే వసంతం ముదిరాక చిగురిస్తుంది. జింకలు ఆకంతా మేసి మోడు చేసిన కింది కొమ్మలకి మాత్రం ఆ ఆశ లేదు, అవి మళ్ళీ చిగురించవు.

మంచు కరిగాక చూస్తే మెడ దాకా మోళ్ళు, పైన పచ్చటి కుచ్చులు. ఏప్రిల్ ఆఖరున బావగారు కాఫీతో పెరట్లోకి వెళ్ళారు. పక్కింటావిడ అక్కని అడిగింది: "పొద్దున్నే మీ పెరట్లో గళ్ళ స్కర్ట్ వేసుకుని నిలబడేది ఎవరు? ఎంత చూసినా మొహం కనపడదు!"

ఈలోపు అత్తయ్యగారు ఒక ఘనత సాధించారు. వీధి చివర ఒక టామరాక్ చెట్టుంది. క్రిస్మస్ చెట్టు జాతిలాగే కనిపిస్తుంది గానీ, ఏటా శరత్కాలంలో పసుపెక్కి ఆకంతా రాల్చేస్తుంది. అది దాని స్వభావమని అత్తయ్యగారికి తెలియదు. పచ్చని చెట్టు నిలువునా చచ్చిపోయిందని బాధపడి, వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా దాని దగ్గర నిలబడి లలితా సహస్రనామం చదివేవారు. మే నెలలో లేత చిగుళ్ళతో నిండిపోయింది. ఆవిడ ఇండియాకి ఫోన్ చేసి చెప్పని చుట్టం లేడు.

బావగారు సిగ్గు విడిచి అడిగారు. "అమ్మా, ఓసారి మన చెట్ల దగ్గర కూడా చదవకూడదూ?"

"నా వల్ల కాదురా" అన్నారావిడ. "అది దానంతట అది పోయిన ప్రాణం, పిలిస్తే వచ్చింది. ఇవి జింకల కడుపులో ఉన్నాయి. ఇప్పుడు చదివితే పుణ్యం వాటికే పోతుంది."