ప్రయాణ సమయాన్ని ఊరి గుమ్మం దాకా లెక్కించాలి

డాలస్ నుంచి హైదరాబాదుకు విమాన దూరం ఎంతని వెతికితే సుమారు 14,400 కిలోమీటర్లని, ప్రయాణ సమయం 17 గంటల పైచిలుకని సమాధానం వస్తుంది. భూగోళం మీద రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న అతి దగ్గరి దారిని కొలిచి, విమానపు సగటు వేగంతో భాగించి చెప్పే లెక్క అది. ఆ దారి ఉత్తర ధ్రువానికి బాగా చేరువగా పోతుంది. మన టికెట్టు మాత్రం అటు పోదు. దోహాలో విమానం మారితే దూరం 15,600 కిలోమీటర్లు దాటుతుంది, అక్కడ వేచి ఉండే గంటలు వేరే.

ఈ తేడాను డాలస్‌లోని మన తెలుగువారి సంఘం తేలికగా తీసుకోకూడదని నా అభిప్రాయం. కోనసీమలో ఒక పెద్దాయన కన్నుమూసినప్పుడు, కొడుకు వచ్చేదాకా ఆగాలా, అంత్యక్రియలు కానివ్వాలా అన్న నిర్ణయం అతడు ఫోనులో చెప్పే ఒక్క మాట మీద ఆధారపడుతుంది. ఆ మాట శంషాబాద్‌లో దిగే వేళ గురించైతే ఇంటివారికి దానితో ప్రయోజనం లేదు. టికెట్టు మీద ఉండేది ఎక్కడి వేళ అక్కడిదే కాబట్టి, డాలస్‌కు మన దేశానికి మధ్య వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా ఉంటుందన్న సంగతి కూడా ఆ దుఃఖంలో చాలామందికి తట్టదు.

శంషాబాద్ నుంచి రాజమహేంద్రవరం విమానాశ్రయమున్న మధురపూడికి గగనతలంలో దాదాపు 360 కిలోమీటర్లు, అంటే గంట ప్రయాణం. అయితే ఇమ్మిగ్రేషన్ పూర్తిచేసుకుని, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ దేశీయ విమానానికి సామాను అప్పగించాలి. అర్ధరాత్రి దాటాక దిగినవారు తెల్లవారేదాకా కూర్చోవాలి. సాయంత్రం దిగితే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది. మధురపూడిలో దిగాక జొన్నాడ వంతెన, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరేసరికి ఇంకో రెండు గంటలు పడుతుంది, ఎందుకంటే అమలాపురానికి నేటికీ రైలు లేదు. రాజోలు వైపు వారైతే విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరంలో దిగి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి మీదుగా వెళ్లే దారిని కూడా పోల్చి చూసుకోవాలి.

కాస్త ధర ఎక్కువైనా మధురపూడి వరకు ఒకే టికెట్టు తీసుకోవడం మేలని నేను గట్టిగా చెబుతాను. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్టు ఉన్నవారిని మరో విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థది. విడిగా కొన్నవారు మళ్లీ సొంత డబ్బుతో కొనుక్కోవాలి, పైగా సగం రోజు పోతుంది.

మన సంఘం అత్యవసర సమయంలో సభ్యులకు ఇచ్చే సహాయంలో ఈ లెక్కను కూడా చేర్చాలి. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, కొత్తపేట వంటి చోట్లకు ఏ విమానాశ్రయం నుంచి పగలు ఎంతసేపు, రాత్రి ఎంతసేపు పడుతుందో అక్కడివారినే అడిగి పట్టికగా వేసి, ఏటా సరిచూసి, ఈ పత్రికలోనే ప్రచురించాలి. తెల్లవారుజామున హైదరాబాదులో దిగేవారికి అందేలా మధురపూడికి ఉదయపు విమానాన్ని నడపమని విమాన సంస్థలకు సంఘం తరఫున లేఖలు కూడా రాయాలి.