వేసవి ఫొటోల్లో కనిపించని ఎండ

2015 మే నెల వడగాడ్పులు అనగానే చాలామందికి ఒక ఫొటో గుర్తొస్తుంది. ఢిల్లీలో తారు కరిగి, రోడ్డు దాటేచోట గీసిన తెల్ల చారలు వంకర్లు తిరిగిపోయిన దృశ్యం అది. ప్రపంచమంతా దాన్ని చూసింది. కానీ ఆ ఎండలకు ఎక్కువ ప్రాణాలు పోయింది ఢిల్లీలో కాదు, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మృతులు వెయ్యి దాటారు. పొలం గట్ల మీద, కూలి పనుల దగ్గర కుప్పకూలిన ఆ మనుషుల్లో ఒక్కరి ముఖమూ మన జ్ఞాపకంలో లేదు.

మన పత్రికల్లో వేసవి ఫొటో ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటర్ మీద వెళ్లే అమ్మాయిలు, ముంజల గెలలు, చెరకు రసం బండి, చెరువులో ఈదులాడే పిల్లలు. పైన ‘భానుడి భగభగ’ అని శీర్షిక. 38 డిగ్రీల రోజైనా, 46 డిగ్రీల రోజైనా అదే వరస. చిన్నప్పటి నుంచి మనకు ఇష్టమైన దృశ్యాలివి. అందుకే వీటిని చూస్తే వేసవి సెలవులు గుర్తొస్తాయి గానీ భయం కలగదు. ఎండాకాలం ఎండలు కాయవా అనుకుని పేజీ తిప్పేస్తాం.

వాతావరణ మార్పు అంటే ఎక్కడో మంచు మీది ధ్రువపు ఎలుగుబంటిని చూపడం వల్లే జనానికి పట్టడం లేదని, మన చుట్టుపక్కల దృశ్యాలు చూపితే చాలని కొందరంటారు. నేను ఒప్పుకోలేను. ముంజల బండి కన్నా మనకు దగ్గరిది ఏముంది?

వరద తన బొమ్మను తానే గీసుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే, ఇళ్ల మధ్య నిలిచిన నీళ్లే అంతా చెప్పాయి. వేడికి ఆ ఆకారం లేదు. అది మనిషి ఒంట్లో జరిగే విపత్తు. కాబట్టి కెమెరా మనిషి దగ్గరికే వెళ్లాలి.

అయితే ఫొటో చేత చెప్పించకూడనిది చెప్పించడమూ తప్పే. బక్కచిక్కిన ధ్రువపు ఎలుగుబంటి వీడియోను 2017లో వాతావరణ మార్పుకు ముడిపెట్టిన నేషనల్ జియోగ్రాఫిక్, అంత కచ్చితంగా చెప్పి ఉండాల్సింది కాదని మరుసటి ఏడాది ఒప్పుకుంది. ప్రతి వడదెబ్బనూ భూతాపం ఖాతాలో వేయక్కర్లేదు. ఆ రోజు వేడి సాధారణం కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువో ఫొటో కింద ఒక్క వాక్యం రాస్తే చాలు.

రాత్రి పదకొండింటికి రేకుల ఇంట్లో నిద్రపట్టక, పసిబిడ్డ ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ గుమ్మం బయట కూర్చున్న తల్లులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అలాంటి ఫొటో మొదటి పేజీలో నేనింతవరకు చూడలేదు.