కత్తెరకు బలయ్యే గడువు తేదీ

మా అమ్మ మందుల పెట్టె ఒక పాత బిస్కెట్ డబ్బా. మొన్న ఊరెళ్లినప్పుడు దాన్ని మంచం మీద బోర్లించాను. అన్నీ కత్తిరించిన షీటు ముక్కలే, రెండేసి, నాలుగేసి మాత్రలు. ఒకదాని మీద మందు పేరులో ‘సార్టాన్’ అన్న తోక మిగిలింది, ఇంకోదాని మీద అదీ లేదు. ‘‘గుండ్రంది బీపీకిరా, కాస్త చిన్నది షుగరుకి’’ అంది. చత్వారం వచ్చిన మనిషి రాత్రిపూట ఆ ‘కాస్త చిన్నది’ ఎలా పోల్చుకుంటుందో!

మందులు జాగ్రత్త అంటూ ఇల్లాళ్లకు చెప్పే సుద్దులకు కొదవ లేదు. కానీ తప్పు మందుల షాపు కౌంటరు మీదే మొదలవుతోంది. గడువు తేదీ, బ్యాచ్ నంబరు చాలా షీట్లకు ఒక కొసనే ఉంటాయి. నాలుగు మాత్రలు కత్తిరిస్తే ఆ కొస కొట్లోనే ఉండిపోతుంది. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు, స్కాన్ చేస్తే ఈ వివరాలు చూపే క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మంచిదే. అది అట్టపెట్టె మీద ఉంటే విడిగా కొన్నవాడికి ఒరిగేదేమిటి?

అలాగని షీటు మొత్తం కొనాల్సిందే అనడం అన్యాయం. కూలీకి అది భారం, పైగా మిగిలినవి చేరేది మళ్లీ ఆ డబ్బాలోకే. ప్రతి మాత్ర వెనకా పేరు, మోతాదు, గడువు అచ్చేసి, చేత్తో చింపుకునేలా షీట్లు చేయడమొక్కటే దారి. 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ ఆలోచన చేసింది. మన కౌంటర్ల మీద మాత్రం కత్తెరే ఆడుతోంది.

పిల్లల మందులది ఇంకో తంటా. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చంటిపిల్లల డ్రాప్స్‌లోనైతే 1 మి.లీ.కే 100 మి.గ్రా. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మి.గ్రా. దాటకూడదు. సిరప్ అనుకుని డ్రాప్స్ సీసాలోంచి 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా., అంటే పెద్దవాళ్లు వేసుకునే మాత్ర అంత! వంటింటి చెంచాతో పోస్తే అసలు లెక్కే ఉండదు. మూతకున్న కొలత గ్లాసును మాత్రం అందరూ పారేస్తారు.

ఇక ఆ డబ్బా ఉండేది ఫ్రిజ్ నెత్తిన. చాలా మందుల మీద ‘30 డిగ్రీలు దాటనీయొద్దు’ అని ఉంటుంది. మే నెలలో రెంటచింతలలో ఆ మాట ఎవరికి చెప్పాలి?

పేరు లేని ముక్కలన్నీ తీసేశాక, తేదీ ఉన్న కొస అడిగి తెచ్చుకోమని అమ్మకు చెప్పాను. వారం తర్వాత ఫోన్ చేసింది. అడిగిందట. ‘‘అదిచ్చేస్తే మిగతావి ఎవరికమ్మాలి పెద్దమ్మా?’’ అన్నాడట షాపతను.