23 కిలోల వీడ్కోలు

విదేశాలకు వెళ్లి కొంతకాలం కష్టపడి తిరిగివచ్చే శ్రామికుల కోసం మన దేశంలో 1983 నాటి వలసల చట్టం ఉంది, ఆ చట్టం కింద వారి బాగోగులు చూడవలసిన సంరక్షణాధికారులు ఉన్నారు. అయినా విజయవాడ సత్యనారాయణపురం నుంచీ, గుంటూరు బ్రాడీపేట నుంచీ ఏటా అమెరికాకు బయలుదేరే అరవై దాటిన శ్రామిక దంపతులను ఏ అధికారీ ఇంతవరకు పట్టించుకోలేదు. వారి వీసా సందర్శకులదే కావచ్చుగాని, పెట్టెల్లో మాత్రం బాలింత కాయం, వాము, వెల్లుల్లి కారం, పాత నేత చీరలతో కుట్టిన బొంతలు ఉంటాయి. నయాగరా జలపాతం చూడబోయేవారికి బొంతలు దేనికని కస్టమ్స్ వారు కూడా అడగరు.

ఒకప్పుడు గోదావరి, విశాఖ జిల్లాల కూలీలు కాకినాడలోనో విశాఖపట్నంలోనో స్టీమరెక్కి రంగూన్ చేరి, బియ్యం మిల్లుల్లో పనిచేసి వచ్చేవారు. వారిని తీసుకువెళ్లే మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, తరువాత కూలిలో కోసుకునేవాడు. నేటి మేస్త్రీ డాలస్‌లో ఉంటాడు. టికెట్లు తానే కొని, ఆరోగ్య బీమా తానే కట్టి, "అత్తయ్యగారూ, మీరు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు" అని వినయంగా పిలుస్తాడు. రంగూన్ మేస్త్రీకి ఎన్ని దోషాలున్నా, ఊరికే కూర్చోవచ్చని మాత్రం ఎవరినీ నమ్మించలేదు.

ఈ వలసకు మూలం ప్రేమేనని అందరూ చెబుతారు, కాదనను. అయితే ప్రేమ వెనుక చిన్న శాసన కారణం కూడా కనిపిస్తుంది. అమెరికా 1993లో చేసిన సెలవు చట్టం, అర్హత ఉన్న ఉద్యోగినికి పురుడైతే 12 వారాల సెలవు ఇస్తుంది, జీతం మాత్రం ఇవ్వదు. మన దేశంలో 2017 సవరణ తరువాత మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాలు దొరుకుతాయి. అమెరికాకు కూడా 26 వారాలు ఇచ్చే మనసు లేకపోలేదు. కాకపోతే ఆ గడువును తల్లికి బదులు అమ్మమ్మకు, విమానాశ్రయంలో ఆరు నెలల అనుమతి రూపంలో ఇస్తున్నది. అంత సంపన్న దేశం తన చట్టంలో వదిలేసిన ఖాళీని సత్యనారాయణపురంలోని ఒక రైల్వే పింఛనుదారు కుటుంబం పూడుస్తూ ఉంటే, దానిని భారతదేశపు విదేశీ సహాయం కింద బడ్జెట్‌లో చూపకపోవడం అన్యాయం.

ఇక వీడ్కోలు సంగతి. ఆ అనుమతి ముగియడానికి నెల ముందే అది ఫ్రీజర్‌లో మొదలవుతుంది. గోంగూర ఉడికించి, కందిపొడి కొట్టి, పూర్ణం ఉండలు చేసి, డబ్బాలకెత్తి, ప్రతి డబ్బా మీదా తెలుగులో చీటీ అంటించి, ఏ నెలలో ఏది తీయాలో కూతురికి చెప్పి, చెప్పినది మళ్లీ ఒప్పజెప్పించుకుంటే తప్ప ఆ తల్లికి వెళ్లిపోతున్నానన్న మాట నోటికి రాదు. తండ్రిది వేరే పద్ధతి. ఉద్యోగమంతా విజయవాడ డివిజన్‌లోనే చేసినవాడు కాబట్టి, ఛార్జి అప్పగించకుండా డ్యూటీ దిగడం ఆయనకు చేతకాదు. చెత్తబండి వచ్చే రోజు, గ్యారేజి తలుపు మొరాయించినప్పుడు తట్టవలసిన చోటు, మనవడు ఏ భుజం మీద నిద్రపోతాడన్న వివరం, అన్నీ కాగితం మీద రాసి సంతకం చేస్తారు. ఆ పత్రంలో గిన్నెలు తోమడం గురించి ఒక పేరా ఉంటుంది. విజయవాడలో ఏనాడూ సింకు దగ్గర నిలబడి ఎరగని ఆ మహానుభావుడు, ఇంట్లో గిన్నెలు కడిగే యంత్రం ఉండగా, దాని మీద భార్యకు నమ్మకం లేనందువల్ల, ఆరు నెలలు చేత్తో తోమి ఆ విద్యలో నిష్ణాతుడయ్యారు. తిరుగు విమానం గన్నవరంలో దిగేసరికి ఆ నైపుణ్యం ఆయనను పూర్తిగా విడిచిపోతుందని అనుభవజ్ఞులైన ఇల్లాళ్లు చెబుతారు.

సామాను తూకం ఈ వీడ్కోలులో అత్యంత గంభీరమైన ఘట్టం. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. బీసెంట్ రోడ్డులో దొరికే కాలిఫోర్నియా బాదంపప్పును కాలిఫోర్నియా ఉన్న దేశం నుంచే తేవాలన్న బంధువుల పట్టుదల ఒక పెట్టెను నింపుతుంది. చాక్లెట్లు, విటమిన్ మాత్రలు మరొకదానిని. మూడో పెట్టెలో మాత్రం, వచ్చేటప్పుడు పచ్చళ్లు తెచ్చిన స్టీలు డబ్బాలు ఖాళీగా తిరిగి వెళతాయి. "అమ్మా, అవి ఇక్కడే ఉండనీ" అని కూతురు బతిమాలితే, "మళ్లీ దేనిలో తెస్తాను?" అని ఆమె అడుగుతుంది. ఇంతకు మించిన వాగ్దానం ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చేయరు.

అల్లుడు దూరదృష్టి గలవాడు. విజయవాడ దంపతులు వెళ్లే విమానమూ, గుంటూరు దంపతులు దిగే విమానమూ ఒకే మధ్యాహ్నం పడేలా చూశాడు కాబట్టి, ఒకే కారు ప్రయాణంలో రెండు పనులూ తెమిలాయి. ఇల్లు ఒక్క పూటైనా సిబ్బంది లేకుండా ఉండదు. టెర్మినల్‌లో పది నిమిషాల పాటు వియ్యాలవారి శిఖరాగ్ర సమావేశం జరుగుతుంది.

"వదినగారూ, రాత్రి రెండింటికి పాలు, నాలుగింటికి ఏడుపు. ఆ ఏడుపుకు కారణం వెతక్కండి, లేదు."

"బావగారూ, చెత్త గురువారం. నీలం డబ్బా వారం విడిచి వారం."

ఈ అప్పగింతల మధ్య కన్నీళ్లకు మిగిలినది రెండు నిమిషాలు. అవి కూడా పూర్తిగా వాడుకోకముందే చక్రాల కుర్చీలు వస్తాయి. రోజూ తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున ప్రకాశం బ్యారేజీ దాకా చకచకా నడిచే ఈ దంపతులు, మధ్యలో విమానం మారేచోట ఇంగ్లీషులో దారి అడగవలసి వస్తుందన్న భయంతో, ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని, నడవలేనివారిలా కనబడడానికి నిజాయితీగా ప్రయత్నిస్తారు.

ఇంటికి చేరాక నవంబరు వస్తుంది, కేంద్ర పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ధ్రువపరచవలసిన నెల. బ్యాంకులోని యంత్రం మీద పెద్దాయన వేలు పెడితే ముద్ర సరిపోలడం లేదంటుంది. వేలిగీతలు డాలస్ సింకులో అరిగిపోయి ఉండవచ్చని ఆయన గుమాస్తాకు చెప్పలేడు. ముఖం చూపించి గుర్తింపు పొందే సదుపాయం 2021లోనే వచ్చిందట. దానికి ఫోనులో యాప్ వేయాలి. యాప్ వేయడం తెలిసినవాడు అల్లుడు ఒక్కడే. విజయవాడలో అప్పుడు ఉదయం పదకొండు గంటలు, డాలస్‌లో ముందురోజు రాత్రి పదకొండున్నర. కాబట్టి సాయంత్రం ఆరున్నర దాకా, ఆయన జీవించి ఉన్నారనడానికి భారత ప్రభుత్వం దగ్గర తాజా ఆధారమేదీ లేకుండా పోయింది. ఆరున్నరకు అల్లుడు ఫోను ఎత్తాడు.

"మావయ్యగారూ, మంచి సమయానికి చేశారు. గోంగూర డబ్బా ఏ అరలో ఉందో అత్తయ్యగారిని ఒకసారి అడుగుతారా?"