విశాఖ తేమలో సబ్బు ఆరాలంటే

లావెండర్ సబ్బును కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి ఉడికించకుండానే, ఇంట్లో చేసుకునే విధానాన్ని తన వ్యాసంలో ఇంత ఓపికగా వివరించినందుకు రచయిత్రి గారికి కృతజ్ఞతలు. అయితే చేసిన వారం రోజులకే ఆ సబ్బును వాడుకోవచ్చన్న ఆమె మాటతో ఏకీభవించలేను. నూనె సబ్బుగా మారడం ఒకటి రెండు రోజుల్లోనే దాదాపు పూర్తయినా, లోపలి నీరు ఆవిరై బిళ్ళ గట్టిపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. సముద్రపు గాలి వీచే మా విశాఖపట్నంలో, అందునా వానాకాలంలో, సబ్బులోని గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుని పైన చెమటలా బిందువులు కడుతుంది కాబట్టి, నేను బిళ్ళలను ఎడంగా పేర్చి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, ఆరు వారాలు నిండనిదే ముట్టుకోను.

కాస్టిక్ సోడా గురించి మరికొంత చెప్పవలసింది. కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆలివ్ నూనె 350 గ్రాములు తీసుకుని, 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్కకడితే సుమారు 71 గ్రాముల సోడా సరిపోతుంది. నూనెల వాటా మారితే ఈ లెక్కా మారుతుంది. దీన్ని చెంచాలతో కొలవకుండా కాటాలో తూచి తీరాలి. సోడానే నీటిలో వేయాలి గానీ సోడా మీద నీళ్ళు పోయకూడదని, అల్యూమినియం గిన్నె వాడితే రసాయన చర్య జరిగి హైడ్రోజన్ వాయువు వెలువడుతుందని కూడా చేరిస్తే, మొదటిసారి చేసేవారికి ఎంతో మేలు కలుగుతుంది. ఇక ఎండు లావెండర్ పూలు మిశ్రమంలో కలిపితే గోధుమ రంగుకు తిరుగుతాయి. పైన కొద్దిగా చల్లితే చాలు.