సవరణ: కనెక్టికట్ ఫుట్‌బాల్ మానేయలేదు

2020లో బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌కు (కాన్ఫరెన్స్ అంటే అమెరికాలో కొన్ని యూనివర్సిటీల జట్లు తమలో తాము ఆడుకునే లీగ్) తిరిగి వెళ్లేటప్పుడు కనెక్టికట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌ను (అమెరికన్ ఫుట్‌బాల్, మన సాకర్ కాదు) ఎత్తేసిందని మొన్న రాశాను. అది తప్పు. ఆ ఏడాది కోవిడ్ వల్ల సీజన్ రద్దు చేసుకున్నారు, అంతే. నేను రెండూ కలిపేశాను.

జరిగింది ఇది. బిగ్ ఈస్ట్‌లో ఇప్పుడు ఫుట్‌బాల్ లేదు. అందుకే కనెక్టికట్ ఫుట్‌బాల్ జట్టు ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండా ఇండిపెండెంట్‌గా ఆడుతోంది. బాస్కెట్‌బాల్ మాత్రం పాత గూటికి చేరింది. అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ నుంచి బయటపడడానికి 1.7 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. అక్కడున్న ఏడేళ్లలో మహిళల బాస్కెట్‌బాల్ జట్టు కాన్ఫరెన్స్ ప్రత్యర్థుల చేతిలో ఒక్కసారీ ఓడలేదు. పోటీ లేని చోట ఆడితే ఏం మజా?

పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2023, 2024లో వరుసగా జాతీయ టైటిల్ కొట్టింది. అది కాన్ఫరెన్స్ మార్పు పుణ్యమే అన్నట్టు రాశాను, అదీ కాస్త ఎక్కువే. అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో ఉన్నప్పుడు కూడా, 2014లో, వాళ్లు టైటిల్ గెలిచారు.