మనస్సాక్షి పరాయి సైనికుడికేనా?

అవతలి సైన్యంలోని కుర్రాడు తుపాకీ కింద పెడితే మానవతామూర్తి. మన సైన్యంలోని కుర్రాడు అదే పని చేస్తే పిరికిపంద, ద్రోహి, శిక్షార్హుడు. మనస్సాక్షి విషయంలో ప్రభుత్వాలు పాటించే నీతి మొత్తం ఇంతే. మిగిలిందంతా రాజ్యాంగాల్లో అచ్చు వేసుకున్న అలంకారం.

ఈ మాట ఇప్పుడు ఇంత కటువుగా అనాల్సి రావడానికి కారణం యూరప్. ఎప్పుడో మూలన పడేసిన నిర్బంధ సైనిక సేవ అక్కడ దుమ్ము దులుపుకుని లేస్తోంది. లాత్వియా, క్రొయేషియా మళ్లీ తెచ్చుకున్నాయి. డెన్మార్క్ 2025 నుంచి అమ్మాయిల పేర్లనూ లాటరీలో వేస్తోంది. 2011లో దాన్ని నిలిపేసిన జర్మనీ కొత్త చట్టం చేసి, పద్దెనిమిదేళ్లు నిండే మగపిల్లలందరికీ ప్రశ్నావళి పంపుతోంది. జవాబు రాయకపోతే కుదరదు. చేరడం మాత్రం మీ ఇష్టమేనని మంత్రులు చెబుతున్నారు. ఇష్టపడి వచ్చేవాళ్లు చాలకపోతే ఏం చేస్తారో కూడా వాళ్లేమీ దాచడం లేదు.

సైన్యం ఎంత ఉండాలో ఆ దేశాలు తేల్చుకుంటాయి, అందులో మేం వేలు పెట్టం. మా భయం వేరు. ఆ కాగితం అందుకున్న పిల్లవాడు ‘నేను చంపలేను’ అని రాస్తే ఏమవుతుంది? జర్మన్ రాజ్యాంగం నాలుగో అధికరణంలో దీనికి సూటి జవాబు ఉంది. మనస్సాక్షికి విరుద్ధంగా ఆయుధం పట్టే సైనిక సేవ చేయమని ఎవరినీ బలవంతపెట్టరాదు. హిట్లర్ సైన్యం చేసిన పనులు కళ్లారా చూసినవాళ్లు 1949లో రాసుకున్న వాక్యమది.

అదే దేశపు ఫెడరల్ న్యాయస్థానం 2025 జనవరిలో ఏం తేల్చిందో చూడండి. ఒక ఉక్రెయిన్ పౌరుణ్ని వేరే కేసులో ఆ దేశానికి అప్పగించాలా వద్దా అన్నది వివాదం. నేను ఆయుధం పట్టను, అక్కడికి పంపితే యుద్ధానికి తోలతారు, కాదనే హక్కు అక్కడ ఇప్పుడు లేదు అన్నది అతని మొర. దాడికి గురైన దేశం ఆ హక్కును పక్కన పెట్టినంత మాత్రాన అప్పగింత ఆపనక్కర్లేదని కోర్టు అంది. అక్కడితో ఆగినా కొంత నయం. అసాధారణ పరిస్థితులు వస్తే జర్మనీలోనూ అలా జరగడం ఊహకు అందనిదేమీ కాదన్న ధోరణిలో నాలుగు మాటలు కలిపింది. తీర్పు ఉక్రెయిన్ వాడి గురించే కావచ్చు, చెవిన వేసుకోవాల్సింది మాత్రం ప్రశ్నావళి అందుకుంటున్న జర్మన్ కుర్రాడు.

ఇదే యూరప్ 2022 సెప్టెంబర్‌లో ఏం మాట్లాడింది? పుతిన్ 3 లక్షల మందిని సైన్యంలోకి పిలవగానే రష్యన్ యువకులు జార్జియా, కజకిస్థాన్ సరిహద్దుల వైపు పరుగు తీశారు. అంతకు కొన్ని నెలల ముందే యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు ఛార్లెస్ మిషెల్, తుపాకీ దించే రష్యన్ సైనికులకు ఆశ్రయం ఇచ్చే ఆలోచన చేయాలని యూరోపియన్ పార్లమెంటులో పిలుపునిచ్చారు. జర్మనీ హోం మంత్రీ అలాంటి అభయమే ఇచ్చారు. ఆయుధాన్ని కాదనడం అంటే నాగరికత వైపు నడవడమని ఆ రోజుల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నాం! ఉపన్యాసాలు సరే, తలుపులు? సైనిక సమీకరణ నుంచి తప్పించుకుని వచ్చేవాళ్లకు వీసాలు ఇచ్చేది లేదని లాత్వియా విదేశాంగ మంత్రి తెగేసి చెప్పారు. ఫిన్లాండ్ ఆ నెలాఖరుకే రష్యన్ పర్యాటకులకు సరిహద్దు మూసింది. జర్మనీ దాకా చేరుకున్న వారిలోనూ ఆశ్రయం దొరికింది కొద్దిమందికే. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అనుకుంటే పొరపాటు. వెన్న అని చెప్పిందీ సున్నమే.

మాస్కో సంగతి చెప్పనే అక్కర్లేదు. సైనిక సేవ బదులు పౌర సేవ చేసుకునే హక్కు రష్యా రాజ్యాంగం 59వ అధికరణంలో భద్రంగా ఉంది. సమీకరణ ప్రకటించిన మూడు రోజులకే, లొంగిపోయినా, దళాన్ని వదిలిపోయినా పదేళ్ల దాకా జైలు అన్న చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టేశాడు. ఉక్రెయిన్‌లో కుర్రాళ్లను వ్యాన్లలోకి ఎక్కించే వీడియోలు చూపించి కన్నీళ్లు కార్చేదీ ఆ ప్రభుత్వ టీవీయే. గురివింద గింజ సామెత ఇంతకంటే బాగా ఎక్కడ అతుకుతుంది?

దాడికి గురైన దేశానికి సైనికులు కావాలి, ఒకడు తప్పుకుంటే వాడి వంతు మరో తల్లి కొడుకు మోయాలి, ఎవరి ఇష్టం వారిదైతే సైన్యం సైన్యంగా ఉండదు. ఈ వాదనలు మాకు తెలియనివి కావు, తేలికగా తీసిపారేసేవీ కావు. కానీ పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక మీద సంతకాలు చేసింది ఎవరు? జాతి ప్రాణం మీదికి వచ్చినా నిలిపివేయరాని హక్కుల జాబితా ఆ ఒడంబడికలోనే ఉంది. మనస్సాక్షి స్వేచ్ఛ అందులో ఒకటి. యుద్ధ నిరాకరణ ఆ స్వేచ్ఛలోంచే వస్తుందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లో చెప్పింది. యూరప్ మానవ హక్కుల కోర్టు 2011లో ఆర్మేనియా కేసులో అదే అంది. శాంతికాలంలో మాత్రమే చెల్లుతుందనడానికి అది యుద్ధాన్ని కాదనే హక్కు, పండగ సెలవు కాదు. వాన పడగానే ముడుచుకునే గొడుగును గొడుగు అని ఎందుకు పిలవాలి?

అసలు దొంగాట ఇంకా లోతుగా ఉంది. పైఅధికారి చెప్పాడు కాబట్టి చేశాను అన్న సమాధానం చెల్లదని, రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన దేశాలే న్యూరెంబర్గ్‌లో నాజీలను విచారిస్తూ ప్రపంచానికి పాఠం చెప్పాయి. 1950లో అంతర్జాతీయ న్యాయ సంఘం దాన్ని సూత్రంగా రాసిపెట్టింది. అంటే సైనికుడు ఆలోచించాలి. ఈ ఆజ్ఞ సరైనదా కాదా అని, కాల్పుల మధ్య, తనకు తానే తీర్పు చెప్పుకోవాలి. తప్పు తీర్పు చెప్పుకుంటే యుద్ధ నేరస్తుడు. మంచిది. మరి వాడు ఆలోచించి, కాదన్నప్పుడు? నేరుగా కోర్ట్ మార్షల్. ముందు నుయ్యి తవ్వింది మనమే, వెనుక గొయ్యి తవ్వింది మనమే. మధ్యలో నిలబెట్టింది మాత్రం ఇంకా మీసాలు సరిగా రాని పిల్లవాణ్ని.

వియత్నాంలోని మై లాయ్ గ్రామంలో 1968 మార్చి 16న ఇద్దరు అమెరికన్లు ఎదురుపడ్డారు. ఇద్దరికీ 24 ఏళ్లే. విలియం కాలీ అనే లెఫ్టినెంట్ కిందనున్న దళం ఆడవాళ్లను, పసిపిల్లలను, ముసలివాళ్లను కాల్చి కాలవలో పోస్తోంది. హ్యూ థాంప్సన్ అనే పైలట్ పైనుంచి అది చూసి, పారిపోతున్న గ్రామస్థులకూ తరుముతున్న సైనికులకూ మధ్య తన హెలికాప్టర్ దించాడు. మనవాళ్లు వీళ్ల మీద కాల్పులు జరిపితే మనవాళ్ల మీదే కాల్చండని తన సిబ్బందికి చెప్పాడు. ఆ సిబ్బంది ఇద్దరిలో ఒకడికి 18, మరొకడికి 20. కాలీ కోర్టులో చెప్పుకున్నదేమిటి? ఆజ్ఞ పాటించాను. 22 మందిని చంపినట్టు రుజువై యావజ్జీవం పడినా, అధ్యక్షుడు నిక్సన్ జోక్యంతో చాలా భాగం గృహ నిర్బంధంలోనే మూడేళ్ల చిల్లరకు బయటపడ్డాడు. థాంప్సన్‌కు దక్కింది బెదిరింపు ఫోన్లు. శిక్షించాల్సింది ఎవరినైనా ఉంటే ఈ పైలట్‌నే అని మాట్లాడిన కాంగ్రెస్ సభ్యుడూ ఉన్నాడు. అసలు జరిగింది ఒప్పుకుని పతకం ఇవ్వడానికి వాళ్లకు 30 ఏళ్లు పట్టింది. అదీ చడీచప్పుడు లేకుండా ఇచ్చేద్దామనుకున్నారు. నలుగురి ముందు, నా సిబ్బందికీ కలిపి ఇస్తేనే తీసుకుంటానని అతను పట్టుబట్టాక 1998లో వియత్నాం అమరుల స్మారకం దగ్గర ఇచ్చారు.

ఆజ్ఞలను తూచి చూడమని సైనికుడికి చెప్పిన చట్టమే యుద్ధాలను తూచి చూడొద్దంటుంది. ఇంతకంటే విడ్డూరం ఉందా? ఏ యుద్ధమూ చేయను అంటే మనస్సాక్షి, ఈ యుద్ధం చేయను అంటే రాజకీయం. అమెరికా సుప్రీంకోర్టు 1971లో గిలెట్ కేసులో చెప్పిందదే. ఆ ఏడాదే మహమ్మద్ అలీ శిక్షను కొట్టేసిన మాట నిజం. అదైనా అతని అభ్యర్థనను ఏ కారణంతో తోసిపుచ్చారో అధికారులు సరిగా చెప్పలేదన్న సాంకేతిక లోపం మీద. 1967లో సైన్యంలోకి అడుగు వేయనన్నందుకు బాక్సింగ్ కిరీటం లాక్కుని, ఐదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా వేసి, మూడేళ్లకు పైగా రింగ్‌కు దూరం చేసిన దేశం, ఆ తర్వాత అతని చేతే ఒలింపిక్ జ్యోతి వెలిగించుకుంది.

ఇజ్రాయెల్‌లో ఈ గీత రోజూ గీస్తారు. సైన్యంలోనే ఒక మనస్సాక్షి కమిటీ ఉంది. ఆ కమిటీ ముందు అహింసావాదిగా నిలబడితే వదిలేసే అవకాశం ఉంది. ఆక్రమించుకున్న ప్రాంతాల్లో తుపాకీ పట్టను అంటే మాత్రం అది మనస్సాక్షి కాదు, అభిప్రాయం! 1970లోనే అక్కడి హైస్కూలు విద్యార్థులు ప్రధాని గోల్డా మేయర్‌కు లేఖ రాసి తమ సందేహం చెప్పారు. 2023 డిసెంబర్‌లో గాజా యుద్ధం నడుస్తుండగా చేరనన్న 18 ఏళ్ల కుర్రాడికి 30 రోజుల జైలు వేశారు. బయటికి రాగానే మళ్లీ పిలుపు, మళ్లీ నిరాకరణ, మళ్లీ జైలు. ఒకే ‘కాదు’కు ఎన్నిసార్లు శిక్ష? గాజాలో యుద్ధ చట్టం గురించి గుండెలు బాదుకునే రాజధానులు ఈ పిల్లల పేరెత్తడం మేం పెద్దగా వినలేదు. రష్యన్ అయితే వినేవాళ్లమేమో.

దక్షిణ కొరియా కాస్త మారింది. దశాబ్దాల పాటు ఆయుధం పట్టని క్రైస్తవ శాఖవారైన యెహోవా సాక్షులను వేలమందిని జైళ్లలో కుక్కాక, 2018లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కళ్లు తెరిచింది. 2020 నుంచి ప్రత్యామ్నాయ సేవ వచ్చింది. అది ఎక్కడో తెలుసా? జైళ్లలోనే, అక్కడే ఉంటూ, 36 నెలలు. ఆర్మీలో చేరినవాడికి 18 నెలలే. ఖైదీగా ఉండాల్సినవాణ్ని కొలువులో పెట్టి గడువు రెట్టింపు చేశారు. దీన్నీ సంస్కరణ అనే అంటారు.

వయసు సంగతి కూడా అడగాలి. 16 ఏళ్లకే సైన్యంలో పేరు రాయించుకునే దేశం బ్రిటన్. ఆ వయసులో ఒప్పంద పత్రం మీద సంతకం చెల్లుతుంది. పద్దెనిమిదేళ్ల వాడు వద్దంటే మాత్రం ఎక్కడైనా ఒకటే మాట: పిల్లవాడు, ఎవరో ఎక్కించారు, లోకం తెలియదు. చంపడానికి సరిపోయిన బుద్ధి చంపనని చెప్పడానికి చాలదా?

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. హిట్లర్ కోసం పోరాడనన్న ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యెగర్‌స్టాటర్‌ను ఊరు తిట్టింది, బిషప్ కూడా వెళ్లమనే చెప్పాడు. 1943 ఆగస్టు 9న తల నరికారు. భార్యకు యుద్ధ వితంతువు పెన్షన్ ఏళ్ల తరబడి ఇవ్వలేదు. అదే చర్చి 2007లో అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 35 మంది నిరాకరణవాదులను ఫ్రాన్స్‌కు తరలించి మరణశిక్ష చదివి వినిపించి, ఆనక పదేళ్ల కఠిన శిక్షగా మార్చింది. యుద్ధం ముగిశాక కూడా నిరాకరించినవారి ఓటు హక్కును ఐదేళ్లు లాగేసుకుంది. ఇప్పుడు వాళ్ల పేర లండన్‌లో స్మారక శిల ఉంది.

మనం కూడా ఏమంత శుద్ధులం కాదు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమంటే చంద్రసింగ్ గఢ్వాలీ, అతని తోటి సైనికులు కాల్చలేదు. సైనిక కోర్టు చంద్రసింగ్‌కు యావజ్జీవం వేసింది. స్వతంత్ర భారతం 1994లో అతని పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. కానీ ఆనాడు ఒక ఫ్రెంచ్ పాత్రికేయుడు అడిగితే గాంధీజీ అంతటివాడే ఆ సైనికులను సమర్థించలేదు. ఆజ్ఞ మీరడం ప్రమాణ భంగమన్నాడు. రేపు అధికారం మా చేతికి వస్తే ఈ సైనికులతోనే పని చేయించుకోవాలి కదా అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. ఇవాళ్టి ప్రభుత్వాలు మనసులో అనుకునేదీ సరిగ్గా ఇదే. కాకపోతే పైకి మనస్సాక్షి స్తోత్రం చదువుతూ లోపల అనుకుంటాయి.

బెర్లిన్, బ్రస్సెల్స్ పెద్దలకు ఒక మాట. 2022లో మీరు చప్పట్లు కొట్టిన రష్యన్ కుర్రాళ్లు ఆశ్రయం కోసం ఇంకా మీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. మీ కోర్టు మాటలు విన్నాక వాళ్లలో ఎవరికి నిద్ర పడుతుంది? ముందు ఆ ఫైళ్లు తెరిచి సంతకాలు పెట్టండి. మీ పిల్లలకు ప్రశ్నావళి తర్వాత పంపుదురు గాని.